విరమణ లేని కాయకము



12వ శతాబ్దియందు కల్యాణ పట్టణమున వెలసిన శరణులు లోకమున కొసగిన ఉపదేశములలో కాయకము ప్రధానమైనది. చేతిపనినే వారు శివపూజగా భావించిరి. శ్రమయే తపస్సనియు, సత్యమైన సంపాదనయే నైవేద్యమనియు తలంచిరి. చెప్పులు కుట్టువాడును, మైలబట్టలు ఉదుకువాడును, త్రాడు పేనువాడును, రాజ్యభాండాగారమును చూచు మంత్రియు ఒక్క పంక్తిని కూర్చుండి అనుభవగోష్ఠి సల్పిరి. పని చేయక తినుటను వారు అంగీకరింపలేదు. గురువైనను, జంగముడైనను కాయకమును విడువరాదని చెప్పిరి.

ఇది ఇంటింట తెలిసిన సంగతియే. కాని ఈ బోధనుండియే ఒక కఠినమైన ప్రశ్న పుట్టుచున్నది. పనియే పూజయైనచో, పని నిలిచిపోయిన వాని పూజ ఏమగును? ముప్పదియైదు సంవత్సరములు కచేరిలోనో, బడిలోనో, రైల్వేలోనో పనిచేసి, ఒక సాయంకాలము పూలదండ వేయించుకొని, శాలువ కప్పించుకొని ఇంటికి వచ్చినవానికి మఱునాటి ఉదయము ఏ కాయకము మిగిలి యున్నది?

ఈ ప్రశ్న చమత్కారమునకై వేసినది కాదు. ఎన్నో ఇండ్లలో ఇది మూగబాధగా ఉన్నది. నిన్నటి వరకు పదిమంది లేచి నిలుచుండిన మనిషి నేడు అరుగుమీద ఒంటరిగా కూర్చుండును. పత్రికను ఆద్యంతము చదివి, మరల మొదటి పుట త్రిప్పును. టెలిఫోను మ్రోగదు. సలహా అడుగువారుండరు. ఇష్టలింగపూజకు పూర్వము పావుగంట దొరకుట దుర్లభమైయుండెను. ఇప్పుడు రెండు గంటలు కూర్చుండినను మనస్సు నిలువదు. "నా వలన ఇక ఎవరికి ప్రయోజనము?" అను మాట పైకి రాకున్నను లోన తొలుచుచుండును. కాయకమార్గమున పెరిగిన భక్తుని కీ బాధ ఇతరులకంటె అధికము. ఏలయన, పని లేనివాడు భక్తుడు కాడను మాటను అతడు బాల్యమునుండి వినియున్నాడు.

ఉద్యోగము వేఱు, కాయకము వేఱు

ఈ చిక్కు విడవలెనన్న ముందు రెండు మాటలను వేఱుచేసికొనవలెను. ఉద్యోగము ఒకరు ఇచ్చునది. కాయకము తాను చేకొనునది. ఉద్యోగమునకు జీతము ఫలము. కాయకమునకు దాసోహము ఫలము. ఉద్యోగమునకు గడువు కలదు. ఆ గడువైనను స్థిరమైనది కాదు. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58నుండి 60కి, 2022లో 62కి పెరిగినది. తెలంగాణమున 2021లో 61కి పెరిగినది. ఒక ఉత్తరువు వెలువడగనే నిన్న వృద్ధుడనిపించుకొనవలసినవాడు నేడు ఇంకను పనికి తగినవాడయ్యెను! అట్టి ఉత్తరువు మనుష్యుని విలువను నిర్ణయింపజాలునా? కాయకమునకు అటువంటి ఉత్తరువు లేదు.

మోళిగె మారయ్య కథ భక్తులెఱిగినదే. అతడు కాశ్మీరదేశపు రాజనియు, కల్యాణ శరణుల కీర్తి విని రాజ్యమును విడిచి, భార్యయైన మహాదేవమ్మతో కూడ వచ్చి చేరెననియు సంప్రదాయము చెప్పుచున్నది. సింహాసనమునకంటె పెద్ద ఉద్యోగమేమి కలదు? దానిని విడిచినవాడు అరుగుమీద కూర్చుండి గతవైభవమును తలపోయలేదు. అడవికిపోయి కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకొని వీధులలో అమ్మెను. ఆ కట్టెలమోపు పేరే అతని పేరయ్యెను. రాజుగా అతనిని తలంచువారు అరుదు. కట్టెలమ్మిన మారయ్యగా భక్తులు నేటికిని తలంచుచున్నారు.

బసవేశ్వరుని చివరి దినములును ఇట్టి బోధయే చేయుచున్నవి. బిజ్జలుని కొలువున భండారియై, మంత్రియై వెలిగిన ఆ మహానుభావుడు కల్యాణమున అల్లకల్లోలము చెలరేగిన పిమ్మట పదవిని విడిచి కూడలసంగమమునకు వచ్చెను. అది కృష్ణయు మలప్రభయు కలియు చోటు. బాలుడుగా విద్యనేర్చిన చోటికే, లోకకార్యము ముగించి మరల చేరెను. అధికారము వెంట రాలేదు. సంగమేశ్వరునియందలి నిష్ఠ మాత్రము వెంట వచ్చెను. ఏది వెంట వచ్చునో అదియే మనది. ఏది కచేరి బల్లపై మిగిలిపోవునో అది ఎన్నడును మనది కాదు.

పదార్థము ప్రసాదమగు విధము

వీరశైవమున షట్స్థలములు చెప్పబడినవి: భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యస్థలములు. అందు మూడవదియైన ప్రసాదిస్థలము విశ్రాంతి పొందిన వారికి మిక్కిలి ఆశ్రయణీయమైనది.

అర్పింపబడక ముందు ప్రతి వస్తువును పదార్థమే. లింగమునకు అర్పితమైన పిదప అదియే ప్రసాదము. అన్నము మారలేదు; తినువాని దృష్టి మారినది. "నేను సంపాదించితిని, నేను తినుచున్నాను" అనువానికి అది పదార్థము. "ఇది నాకు ఒసగబడినది" అని కన్నుల కద్దుకొనువానికి అది ప్రసాదము. లోకులు కృతజ్ఞత అని దేనిని పిలుచుచున్నారో, దానికి శరణమార్గమున గల పేరు ప్రసాదభావము. కృతజ్ఞత మేలుచేసినవానిని మాత్రము తలచును. ప్రసాదభావమో, వచ్చిన ప్రతిదానియందును ఇచ్చిన చేతిని చూచును.

ఉద్యోగకాలమున మనిషి దినము అతనిది కాదు. గడియారమునకు, పై అధికారికి, కుటుంబావసరమునకు అది అమ్ముడుపోయి యుండును. విరమణ యనగా ఆ దినము తిరిగి చేతికి వచ్చుట. ప్రాతఃకాలమునుండి నిద్రవేళ వరకు గల గడియలన్నియు ఇప్పుడు పదార్థముగా అరచేతిలో ఉన్నవి. వానిని అర్పించినచో ప్రసాదమగును, అర్పింపనిచో కుళ్ళిపోవును. విశ్రాంత జీవనమున మనస్సున పుట్టు చేదు, చిరాకు, పరనింద, గతమును గూర్చిన గొప్పలు — ఇవి యన్నియు అర్పింపబడని కాలము పులిసి కంపుగొట్టుటయే.

ఎట్లు అర్పింపవలెను? ఇందుకు పాఠము చెప్పు గురువులు మన పెరటిలోను, పొలముగట్టునను, చెరువుకట్టపైనను ఉన్నారు. ఇన్నాళ్ళును బస్సు అందుకొను తొందరలో వారిని దాటిపోయితిమి. ఇప్పుడు నిలిచి చూచుటకు తీరిక కలిగినది.

తేనెటీగ చెప్పు పాఠము

తేనెపట్టును శాస్త్రజ్ఞులు చిరకాలము పరిశీలించిరి. పువ్వులు విరియు కాలమున పనిచేయు ఈగ ఆయుస్సు సుమారు 6 వారములు. ఆ స్వల్పజీవితమున దాని పని పలుమార్లు మారును. పుట్టిన మొదటి దినములలో అది పట్టులోని గదులను శుభ్రము చేయును. పిదప పిల్లపురుగులకు ఆహారమందించును. మఱికొన్ని దినములకు మైనముతో గదులు కట్టును. పిమ్మట ద్వారముకడ కావలి యుండును. చిట్టచివరి దినములలో మాత్రమే వెలుపలికి పోయి పువ్వు పువ్వునుండి మకరందమును తెచ్చును. ఇంతచేసినను ఒక్క ఈగ తన జన్మమంతయు కూర్చు తేనె చిన్న చెంచాలో పండ్రెండవ వంతు మాత్రమేనని చెప్పుదురు.

ఇందు గ్రహింపవలసినవి రెండు. మొదటిది: పట్టులో పని మారును గాని పని నిలువదు. గదులు ఊడ్చు ఈగ ఆ పని ముగిసినదని చింతింపదు. తన వయస్సునకు తగిన తరువాతి పనిని చేకొనును. ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన చేయి ఇప్పుడు మనుమనికి అక్షరములు దిద్దించవచ్చును. బరువులు మోసిన భుజము ఇప్పుడు మఠపు తోటకు నీరు మళ్ళించవచ్చును. కాయకము రూపు మారినది, అంతే. రెండవది: ఆ ఈగ కూర్చిన తేనె దాని కొక్కదానికే కాదు. తాను చూడబోని ఈగలకు ఆహారమై అది మిగులును. దాసోహమును ఇంతకంటె స్పష్టముగా చెప్పగల వ్యాఖ్యాత ఎవడు?

గిజిగాడు విడిచిన గూడు

వానకాలమున నూతిపై వంగిన తుమ్మకొమ్మకో, ఈతమట్టకో వ్రేలాడు గిజిగాని గూళ్ళను చూడనివారు మన పల్లెలలో ఉండరు. మగపక్షి గడ్డిపోచలను, తాటాకు చీలికలను ముక్కుతో తెచ్చి నేయును. గూడు సగమైనంతనే ఆడుపక్షి వచ్చి పరీక్షించును. నచ్చనిచో మగపక్షి అలుగదు, వేఱొకటి ఆరంభించును. అంత శ్రమతో కట్టిన గూటిని ఋతువు గడచినంతనే విడిచిపోవును. విడిచిన గూళ్ళలో ఇతరములైన చిన్నపిట్టలు చేరి గ్రుడ్లు పెట్టుకొనును. "ఇది నేను నేసినది" అని గిజిగాడు వాటితో కలహించుట ఎవరును చూచి యుండలేదు.

విరమించిన పిదపను కచేరికి పోయి, తన కుర్చీలో కూర్చుండినవాని పనితీరును తప్పుపట్టువారు కలరు. తమ కాలమే కాలమనియు, తమ తరువాత అంతయు పాడైపోయినదనియు పలుకుచుందురు. వారి బాధ నిజమైనదే. ప్రేమతో కట్టిన గూటిని విడుచుట సులభము కాదు. అయినను కట్టుట ఎట్టి కాయకమో, విడుచుటయు అట్టి కాయకమే. పదవి వానికి జీవనమిచ్చెను, బిడ్డలను చదివించెను. అందుకు నమస్కరించి, మఱొకనికి దారి ఇచ్చి, దిగిరావలెను. అట్లు విడిచినవానికి పదవి ప్రసాదమైనది. విడువలేనివానికి అది ఇంకను పదార్థముగనే మిగిలిపోయినది.

మ్రోడునుండి పూచిన మోదుగ

ఫాల్గుణమాసమున మోదుగచెట్టును చూడుడు. ఆకులన్నియు రాలి మ్రోడైన వేళ అది ఎఱ్ఱని పూలతో నిండును. పచ్చగా ఉన్నంతకాలము దానిని గుంపులోని ఒక చెట్టుగానే జనులు చూతురు. ఏమియు లేకపోయిన దినముననే ఆమడ దూరమునుండి కనబడును. కొంతకాలమునకు మరల చిగిర్చిన ఆ ఆకులనే విస్తళ్ళుగా కుట్టి పంక్తిభోజనమున వడ్డింతురు. ఆకు రాలినచోట పూవు, పూవు రాలినచోట ఆకు. ఆ ఆకుపై లింగప్రసాదము.

వార్ధక్యమున ఆకులు రాలును. చూపు తగ్గును, వినికిడి తగ్గును, తోడివారొక్కొక్కరు వెడలిపోదురు. రాలిన ఆకులను లెక్కించుచు కూర్చుండువాడు పూయు కొమ్మను చూడడు. తనువును గురువునకు, మనస్సును లింగమునకు, ధనమును జంగమమునకు అర్పింపవలెనని శరణమార్గము. తనువు తగ్గినను, ధనము తగ్గినను, మనస్సనెడి కొమ్మ ఇంకను పూయగలదు. యౌవనమున చెదరియున్న ఆ మనస్సును ఏకముచేసి అరచేతి లింగముపై నిలుపుటకు ఇంతకంటె అనువైన కాలము మఱొకటి రాదు.

ఒక హెచ్చరిక

ఇంతవఱకు చెప్పినదానిని పొరపాటుగా గ్రహింపరాదు. చెట్టును, పుట్టను, నదిని దైవములుగా కొలువుడని ఈ మాటల తాత్పర్యము కాదు. లింగనిష్ఠగల భక్తునికి ఆరాధ్యదైవ మొక్కడే. ఇష్టలింగమును అరచేత ధరించినవాడు వేఱొకచోట చేయి మోడ్పనక్కఱలేదు. ప్రకృతి దైవము కాదు. దైవము పంపిన లేఖ. లేఖను చదివి ప్రేమింతుము గాని, పంపినవానిని మఱచి లేఖకే పూజ చేయము. మారేడుదళము, విభూతి, రుద్రాక్ష — ఇవి మూడును మన్నునుండి, మానునుండి, గోవునుండి వచ్చినవే. అవి పూజావస్తువులైనవి పుట్టుకవలన కాదు, అర్పణమువలన.

మఱియొక పొరపాటును కలదు. సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు నేటి షోలాపురమున గొప్ప చెరువు త్రవ్వించెను. దాహమున్నచోట నీరు పుట్టించుటకంటె పుణ్యకార్యమేమి? అట్టివానికడకు అల్లమప్రభువు వచ్చి, చేయువాడను అను తలపు మిగిలినంతవఱకు చెరువు నిండినను హృదయము నిండదని తెలియజేసెను. పిదప సిద్ధరాముడు కల్యాణమునకు వచ్చి శరణులలో శ్రేష్ఠుడయ్యెను. సేవను మానుమని అల్లమప్రభువు బోధ కాదు. "నేను" అను దానిని మానుమని బోధ. విరమణానంతరము సత్కార్యములు చేయువారు కొందఱు శిలాఫలకముపై తమ పేరు చెక్కించుటయందే ఎక్కువ శ్రద్ధ చూపుదురు. చింతచెట్టు నూఱేండ్లు బాటసారికి నీడ నిచ్చును. దానిపై దాత పేరు లేదు.

అడుగు దూరములో ఉన్న ఉపకారము

కోయిల కూతకు పరవశించుట సులభము. సూర్యోదయమునకు చేతులు జోడించుటయు సులభమే. వానివలన మనకు బాధ్యత ఏదియు కలుగదు. ప్రసాదభావము నిజమైనదో కాదో తేలునది ఇంటిలోపల.

ఒక విశ్రాంతోద్యోగిని తలచుకొందము. అతడు ఉదయమే లేచి, స్నానముచేసి, తోటలో పచార్లు చేసి, మంచు బిందువులయందు శివలీలను దర్శించి ఇంటికి వచ్చును. వేడి ఫలహారము పళ్ళెరములో సిద్ధముగా ఉండును. అది ఎప్పుడు సిద్ధమైనదో, ఎవరు ఏ గంటకు లేచి పొయ్యి వెలిగించిరో అతడు నలువదియేండ్లుగా తలంచలేదు. అతనికి విరమణ వచ్చినది. అతని ఇల్లాలికి రాలేదు. ఆమెకు పూలదండ వేసినవారు లేరు, పింఛను మంజూరు చేసినవారు లేరు. పైగా అతడు రోజంతయు ఇంటనుండుటచే ఆమెకు పని పెరిగినది. గడ్డిపువ్వులో కరుణను చూచిన కన్ను ఈమె చేతి కాయలను చూడనిచో, ఆ చూపునకు విలువ ఏమి?

ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుచుండెడివాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె అధికముగా తెచ్చెను. భార్యయైన లక్కమ్మ అవసరమునకు మించినదానిని ఆశతో తెచ్చినావని మందలించి, మిగిలినదానిని తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపెను. మారయ్య అలుగలేదు, తల వంచి వెళ్ళెను. భార్య నోటినుండి వచ్చిన మాటను గురువాక్యముగా స్వీకరించెను. భార్యను సేవకురాలిగా గాక సహశరణిగా చూచినపుడే అట్టి వినయము కలుగును. విశ్రాంతి పొందిన భర్త తన విస్తరిని తానే ఎత్తుట, కూరగాయలు తఱుగుట, ఆమె లింగపూజ చేసికొనునంతసేపు పొయ్యికడ తాను నిలుచుట — ఇవి చిన్నపనులు కావు. ఇవి దాసోహములు.

ఇల్లు దాటి వీధిలోనికి వచ్చినచో ఇంకొక ఋణము కనబడును. ఉద్యోగపు పింఛను నెలనెల అందుకొను భాగ్యము అందఱకును లేదు. పొలమున నడుమువంచి నాట్లువేసినవాడు, మగ్గమున కన్నులు పోగొట్టుకొనినవాడు, ఇటుకలు మోసిన స్త్రీ — వీరికి తీరిక యనునది రోగముతోనే వచ్చును. విశ్రాంతి కూడ అందఱకు లభింపని ప్రసాదమని తెలిసినవాడు దానిని ఒంటరిగా భుజింపలేడు. తన పింఛనులో కొంతభాగమును, తన గడియలలో కొంతభాగమును వారికై తీసియుంచును. ప్రసాదమును పంచుకొనక తినుట శరణధర్మము కాదు గదా!

చేదునందును ప్రసాదమే

"అన్నియు బాగుగా జరిగినవానికి ప్రసాదభావము సులభము. భార్యను పోగొట్టుకొనినవానికి, బిడ్డలు దూరదేశమున ఉన్నవానికి, మోకాళ్ళనొప్పితో రాత్రులు నిద్రలేనివానికి ఈ మాటలు చెప్పగలరా?" అని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే.

అక్కమహాదేవి ఉడుతడినుండి కల్యాణమునకు, కల్యాణమునుండి శ్రీశైలమునకు నడచి వచ్చెను. నల్లమల అడవి నాడును నేడును ఉద్యానవనము కాదు. ఎండ, చలి, ఆకలి, క్రూరమృగములు అందు కలవు. ఆమె వచనములలో చిలుకలును, కోయిలలును, తుమ్మెదలును బంధువులవలె పలుకరింపబడుచుండును. కాని ఆమె ఆ అడవిలో సౌఖ్యమును వెదకలేదు, చెన్నమల్లికార్జునుని వెదకెను. కావుననే ముల్లును పువ్వును ఆమెకు ఒక్కటియైనవి. కృష్ణానదీ తీరమున, శ్రీశైలమునుండి పడవలో పోయి చేరవలసిన గుహలు నేటికిని ఆమె పేర పిలువబడుచున్నవి. ఆ రాతిలోని చీకటిని చూచినవారికి ఆమె విడిచినదెంతయో, పొందినదెంతయో కొంత బోధపడును.

దుఃఖమును సుఖమని పిలువుమని శరణులు చెప్పలేదు. చేదు చేదే. ఉగాదినాడు వేపపూవు చేదుగానే ఉండును; అయినను దానిని ఉమ్మివేయము, బెల్లముతోపాటు దోసిట పట్టి స్వీకరింతుము. ఆ వేపచెట్టే ఫాల్గుణమున ఆకు రాల్చి, చైత్రమునకు చిగిర్చి పూచినది. నొప్పికి మందు వాడవలసినదే, ఒంటరితనమునకు తోడు వెదకవలసినదే. ప్రసాది అట్టి ప్రయత్నమును మానడు. "నాకే ఎందుకు?" అను ప్రశ్నను మాత్రము లింగము ముందుంచి, "నాతోపాటు ఇంకెవరు?" అను ప్రశ్నతో లేచును. తన నొప్పివలన పొరుగువాని నొప్పి తెలిసినచో, ఆ నొప్పియు అర్పితమైనదే.

నది చూపు దారి

సహ్యాద్రిపై మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణ కూడలసంగమమున మలప్రభను కలుపుకొనును. అచ్చట బసవేశ్వరుని ఐక్యస్థలము కలదు. 1982లో పూర్తియైన నారాయణపుర జలాశయపు నీరు ఇప్పుడా స్థలమును చుట్టియున్నది. బావివలె కట్టిన కట్టడములోనికి మెట్లు దిగి భక్తులు దర్శించుచున్నారు. ఆ నీరే ముందుకు సాగి, తుంగభద్రను కలుపుకొని, నల్లమల లోయలలో అక్కమహాదేవి తిరిగిన గట్టులను తాకి, శ్రీశైలము దాటి, తెలుగు పొలములను తడిపి, హంసలదీవికడ సముద్రమున చేరును. ఎగువ పరుగెత్తిన నది దిగువకు వచ్చుకొలది మెల్లగా నడచును. మెల్లబడినచోటనే అది వెడల్పగును; తాను మోసితెచ్చిన సారవంతమైన ఒండ్రుమట్టిని అచ్చటనే భూమికి సమర్పించును. డెల్టా పొలములు నది వార్ధక్యమున చేసిన దాసోహములు.

మనిషి తన పరుగు మెల్లబడినదని దుఃఖించుటకు కారణము లేదు. మెల్లబడుట పంచుటకు వచ్చిన అనుమతి. ఇంతకాలము మోసితెచ్చిన విద్య, అనుభవము, ఓర్పు, నైపుణ్యము — వీనిని ఏ గట్టున విడువవలెనో చూచుకొనుటయే ఇక కాయకము.

ఇందుకు పెద్ద సన్నాహమక్కఱలేదు. ఉదయము లింగపూజ ముగిసిన పిదప, నిన్నటి దినమున ఎవరెవరివలన తన బ్రదుకు గడచినదో ఒక్కసారి తలంచవలెను: పాలు పితికినవాడు, వీధి ఊడ్చినవాడు, అన్నము వండినది, నీరిచ్చిన నేల. వారిలో ఒక్కరికైన నేడు చేయగల మేలేదో నిశ్చయించుకొనవలెను. విస్తరిలో మెతుకు విడువరాదు. పెరటిలోనో, మఠపు ఆవరణలోనో ఒక మారేడు మొక్కను నాటి నీరు పోయవలెను. దాని దళములను కోయువారు మనుమలు కావచ్చును. మఠములవారును తమ ఊరి విశ్రాంత భక్తులను గుర్తించి, బాలురకు చదువు చెప్పుటకో, దాసోహశాలలో విస్తళ్ళు కుట్టుటకో, మంచముపట్టిన వృద్ధులను పలుకరించివచ్చుటకో పిలిచినచో, అరుగులపై వృథాపోవుచున్న ఎంతో మంచికాలము లింగార్పితమగును. పిలుపుకై కాచుకొనియున్న చెవులు ప్రతి ఊరను కలవు.

ఉద్యోగమునుండి మనుష్యుని విడుదల చేయు అధికారము ప్రభుత్వమునకు కలదు. కాయకమునుండి విడుదల చేయుటకు ఆ సంగమనాథుడొక్కడే సమర్థుడు. ఆయన పిలుచువఱకు ఈ చేతులు ఆయనవే.

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః

శరణు శరణార్థి.